మూడో సిలిండరు

(యథార్థ గాథ. ఆ కుటుంబం కోరిక మీద ఊరూ పేర్లూ ఇవ్వడం లేదు.)

మేస్త్రి బండి చుట్టూ తిరగలేదు. డోరు తీసి చూడలేదు. నేరుగా వెళ్ళి బానెట్ మీద అరచెయ్యి ఆనించి, అలాగే కాసేపు ఉంచాడు.

"బండి ఇప్పుడే ఎటైనా వెళ్ళొచ్చిందా?"

"లేదండీ, రాత్రి నుంచీ ఇక్కడే ఉంది" అన్నాడు బ్రోకరు.

"మరి వేడిగా ఉందే?"

2025 ఏప్రిల్. ఇంకా ఆరు కాలేదు. విజయవాడ శివార్లలో ఓ రేకుల షెడ్డు. తెల్లటి డీజిల్ డిజైర్, 2018 మోడల్, ఏపీ 16 నంబరు. కడిగి, పాలిష్ పెట్టి, సీట్లకి కొత్త కవర్లు వేసి ఉంచారు. దాని ముందు నలుగురు నిలబడ్డారు. కొనాలని వచ్చిన భార్యాభర్తలు, ఆమె అన్నయ్య, వాళ్ళు గుంటూరు నుంచి వెంటబెట్టుకొచ్చిన మేస్త్రి.

"బ్యాటరీ దిగిపోకుండా పొద్దున్నే ఒకసారి స్టార్ట్ చేసి ఉంచుతామండీ" అన్నాడు బ్రోకరు.

"మంచిదే. అయితే చల్లారనివ్వండి. చల్లటి ఇంజిను మీద ఒకసారి సెల్ఫ్ కొట్టాలి నేను."

"ఎంతసేపండీ?"

"ఎంతసేపైతే అంతసేపు" అని మేస్త్రి గోడ వారగా ఉన్న బల్ల మీద కూర్చున్నాడు. అరవై దాటిన మనిషి. డీజిల్ ఇంజిన్ల పని తప్ప ఇంకో పని ఎరగడు. వేడి ఇంజిను అబద్ధమాడుతుందని ఆయన నమ్మకం. నిజమే మరి. అరిగిన బండి కూడా వేడెక్కాక సర్దుకుని నడుస్తుంది. చాలా లోపాలు పొద్దున మొదటిసారి సెల్ఫ్ కొట్టినప్పుడే బయటపడతాయి. అమ్మేవాళ్ళకీ ఆ సంగతి తెలుసు.

ఆ కుటుంబానిది తెనాలి దాటాక వేమూరు వైపు ఒక పల్లె. ఆయన పాలకేంద్రంలో పనిచేస్తాడు, రెండెకరాల కౌలు చేస్తాడు. ఆమె డ్వాక్రా సంఘాలకి పుస్తకాలు రాస్తుంది. ఆయన తల్లికి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు గుంటూరు తీసుకెళ్ళి డయాలసిస్ చేయించాలి. వెళ్ళేటప్పుడు ఫరవాలేదు. తిరిగొచ్చేటప్పుడే కష్టం. నాలుగు గంటలు మిషను మీద ఉన్నాక బీపీ పడిపోయి, కాళ్ళ పిక్కలు పట్టేసి, ఆవిడ ఆటో సీట్లో కూర్చోలేక కోడలి ఒళ్ళో తల పెట్టుకుని పడుకునేది. ఎండాకాలం వేడిగాలి, వానాకాలం జల్లు. ఇక కారు కొనక తప్పదనుకున్నారు. చీటీ పాడితే మూడు లక్షలు వచ్చాయి. మిగతాది బంగారం కుదువ పెట్టి తేవాలనుకున్నారు.

బండి చూసిపెట్టింది ఆమె అన్నయ్య. విజయవాడలో ఉంటాడు. బ్రోకరు ఆయనకి పదేళ్ళుగా తెలుసు. అదే ఏడాది బండ్లకి ఐదు, ఐదుంబావు చెబుతుంటే ఇది నాలుగు లక్షల పదివేలకే వస్తోంది. చేయి జారిపోతుందేమోనని చెల్లెలికి చెప్పే లోపే తన ఫోను నుంచి ఇరవై వేలు అడ్వాన్సు కూడా పంపేశాడు.

తక్కువకి ఎందుకు ఇస్తున్నట్టు? బ్రోకరు దాచలేదు. దాచనట్టు కనిపించాడు. "స్టార్ట్ చేసినప్పుడు చిన్న ఒణుకు ఉంది. ఇంజిన్ మౌంటింగు అయ్యుంటుంది. అదీ ముందే చెబుతున్నా. చెల్లెమ్మకి ఇస్తున్న బండి, అబద్ధం చెబుతానా?" అన్నాడు.

బయల్దేరే ముందురోజు రాత్రి ఇంట్లో మాటలు నడిచాయి. ఆమె నాకు చెప్పినవి చెప్పినట్టు రాస్తున్నాను.

"లక్ష తగ్గి వస్తోంది. మౌంటింగులకి ఎంతవుతుందిలే, పదివేలు. బావ దగ్గరుండి చూశాడు" అన్నాడు ఆయన.

"మౌంటింగే అయితే ఆ పదివేలు ఆయనే పెట్టుకుని బండి లక్ష ఎక్కువకి అమ్ముకోవచ్చుగా?"

ఆయన దగ్గర జవాబు లేదు. "మీ అన్నయ్య అడ్వాన్సు ఇచ్చేశాడు. ఇప్పుడు వద్దంటే ఆయన మొహం ఎక్కడ పెట్టుకుంటాడు?" అన్నాడు.

పక్క మంచం మీద అత్తగారు మేలుకునే ఉన్నారు. "నా కోసమే అయితే నన్నూ ఒక మాట అడగండి. ఇన్నాళ్ళూ ఆటోలో వెళ్ళాను. ఇంకో రెండు నెలలు వెళ్ళలేనా? చూసుకుని కొనండి" అన్నారట.

ఆ ఇల్లాలు అడిగిన ప్రశ్న దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పాత కారు కొనేచోట ఇంతకంటే పదునైన ప్రశ్న లేదు. పదివేలతో పోయే లోపాన్ని లక్ష తగ్గించుకుని ఎవరూ అమ్మరు. అంటే ఆ లోపం పదివేలది కాదని అమ్మేవాడికి తెలిసి ఉండాలి, లేదంటే విప్పి చూడ్డానికి తనకే భయమై ఉండాలి. ఏది నిజమైనా ఆ లక్ష కొనేవాడి చేతికి లాభంగా రాదు, బాధ్యతగా వస్తుంది. కానీ మన ఊళ్ళలో ఈ ప్రశ్నని పైకి రానివ్వనిది ఇంకోటుంది: తెలిసినవాడు. తెలిసినవాడి ద్వారా వచ్చిన బండిని పరీక్ష చేయిస్తే అనుమానించినట్టు. అనుమానిస్తే చుట్టరికం చెడినట్టు. ఆ మొహమాటం మీదే ఎన్ని బండ్లు చేతులు మారుతున్నాయో ఆటోనగర్‌లో ఏ మేస్త్రినడిగినా చెబుతాడు.

బానెట్ చల్లారేలోపు మేస్త్రి ఖాళీగా కూర్చోలేదు. డ్రైవరు సీటు బెల్టుని చివరికంటా లాగమన్నాడు. రోజూ పెట్టుకునేటప్పుడు బయటికొచ్చే భాగం శుభ్రంగా ఉంది. అది దాటి, ఎప్పుడూ బయటికి రాని చివరి జానెడు బయటపడేసరికి మట్టిరంగు చార ఒకటి అడ్డంగా కనిపించింది. సీటు జరిగే పట్టాల అడుగున తుప్పు. డిక్కీలో స్టెప్నీ ఎత్తి, కింద గుంటలో మూలలకి వేలు పెట్టి తీసి చూపించాడు. మెత్తటి ఒండ్రు. రోడ్డు దుమ్ము ఇలా ఉండదు. ఇది నీళ్ళలో తేలి వచ్చి, నీళ్ళు ఇంకాక అడుగున పేరుకున్న మట్టి.

ఆమె ఈలోగా కాగితాలు ముందేసుకుంది. లెక్కల పుస్తకాలు చూసే చెయ్యి కదా, ఇన్సూరెన్సు పాలసీలో అందరూ దాటేసే గడి దగ్గర ఆగింది. నో క్లెయిమ్ బోనస్ సున్నా. ఏడాది పొడుగునా క్లెయిమ్ చేయకపోతే మరుసటి ఏడాది ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 20 శాతం తగ్గిస్తారు. అలా పెరుగుతూ ఐదేళ్ళకి అది 50 శాతానికి చేరుతుంది. ఒక్కసారి క్లెయిమ్ చేస్తే మళ్ళీ సున్నాకి పడిపోతుంది. ఈ పాలసీ 2024 నవంబరులో కట్టినది. అంటే అంతకుముందు ఏడాదిలో ఏదో క్లెయిమ్ జరిగి ఉండాలి.

"ఈ క్లెయిమ్ దేనికండీ?"

"బంపరుకి గీతలు పడితే చేయించారమ్మా."

ఆమె ఆర్‌సీ తీసి పైకి చదివింది. మొదటి ఓనరు చిరునామా పాయకాపురం.

ఆ పేరు వినగానే షెడ్డులో ఎవరూ మాట్లాడలేదు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో విజయవాడ మీద కుండపోత కురిసింది. బుడమేరు వాగు పొంగింది, దాని డైవర్షన్ కాలువకి గండ్లు పడ్డాయి. కృష్ణ తానే నిండుగా ఉండటంతో ఆ నీళ్ళు నదిలోకి పోయే దారి లేక ఊరి మీద పడ్డాయి. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చింది. సింగ్ నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయాయి. జనం డాబాల మీద కూర్చుని పాల ప్యాకెట్ల కోసం పడవల వైపు చేతులు చాచారు. కింద వీధుల్లో ఆటోలు, బైకులు, కార్లు మునిగి ఉన్నాయి. వాటిని అప్పట్లో ఎవరు పట్టించుకుంటారు? ప్రాణాలు దక్కితే చాలనుకున్నారు. నీళ్ళు తగ్గాక చాలామంది చేసిన మొదటి పని, బండి నడుస్తుందేమోనని తాళం తిప్పడం.

మేస్త్రి భయం కూడా ఆ తాళం తిప్పడం గురించే. "బండి మునిగితే ఇంజిను చావదమ్మా. మునిగిన బండికి సెల్ఫ్ కొడితే చస్తుంది" అని ఆమెకి విడమర్చి చెప్పాడు. సిలిండరులో పిస్టను పైకి లేచి గాలిని నొక్కుతుంది. గాలి నలుగుతుంది, నీళ్ళు నలగవు. లోపల నీళ్ళుండగా పిస్టను పైకొస్తే, నిండు సీసాకి సుత్తితో బిరడా కొట్టినట్టే. ఏదో ఒకటి లొంగాలి. లొంగేది కనెక్టింగ్ రాడ్డు. రవ్వంత వంగుతుంది. తర్వాత నీళ్ళు తీసేసి, ఆయిలు మార్చి, మళ్ళీ సెల్ఫ్ కొడితే బండి స్టార్టవుతుంది. కిలోమీటర్లూ తిరుగుతుంది. కానీ ఆ వంగిన రాడ్డు పిస్టనుని పూర్తిగా పైకి తీసుకెళ్ళలేదు. ఆ ఒక్క సిలిండరు మిగతావాటితో సమానంగా పనిచేయదు. ఆ తేడాయే ఒణుకు.

మామూలు పాలసీలో ఇలాంటి ఇంజిన్ నష్టానికి డబ్బు రాదు. ఇంజిన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవరు తీసుకుని ఉండాలి. బహుశా సీట్లకీ వైరింగుకీ క్లెయిమ్ వచ్చి ఉంటుంది, ఇంజినుకి రాక విప్పకుండానే వదిలేసి ఉంటారని మేస్త్రి ఊహ. అది ఊహేనని ఆయనే అన్నాడు.

తొమ్మిది దాటాక డిప్ స్టిక్ తీశాడు. ఆయిలు తేనెరంగులో తళతళలాడుతోంది. ఆమె భర్త మొహం విప్పారింది. మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. డీజిల్ ఇంజిన్లో ఆయిలు పోసిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. ఇంత తేటగా ఉందంటే నిన్నో మొన్నో మార్చారు. పాత ఆయిలు ఎలా ఉండేదో చూపించే సాక్ష్యం పోయింది.

సెల్ఫ్ కొట్టాడు. బండి అందుకుంది, వెంటనే ఒణికింది. డాష్‌బోర్డు మీది దేవుడి బొమ్మ టకటకలాడింది. వెనకనుంచి తెల్లటి పొగ గుప్పున వచ్చి పలచబడింది. కాసేపటికి ఇంజిను సర్దుకుంది. వేడి బానెట్‌తో వాళ్ళకి చూపించాలనుకున్నది ఈ సర్దుకున్న ఇంజినునే. స్కానరు పెడితే మూడో సిలిండరుకి కంప్యూటరు మిగతావాటికంటే ఎక్కువ డీజిల్ పంపి సరిచేస్తున్నట్టు కనిపించింది.

"కంప్రెషన్ చూడాలి. గ్లో ప్లగ్గులు విప్పాలి" అన్నాడు మేస్త్రి.

"విప్పడాలు కుదరవండీ" బ్రోకరు గొంతు మారింది. "నడిచే ఇంజిన్ని విప్పితే ఎవరిది బాధ్యత? ప్లగ్గు లోపల విరిగితే?"

"విరిగితే నాది. రాసిస్తా."

"నమ్మకం ఉంటే తీసుకోండి, లేకపోతే లేదు. బండికి ఇంకో ఇద్దరు తిరుగుతున్నారు."

అంతవరకూ ఒక్క మాటా మాట్లాడని అన్నయ్య ముందుకొచ్చాడు. అడ్వాన్సు పంపింది ఆయన. తెలిసినవాడని చెప్పింది ఆయన. ఆ పొద్దున తలవంచుకుని నిలబడిందీ ఆయనే. "విప్పనివ్వు. నన్ను చూసే కదా వీళ్ళు వచ్చారు. మా చెల్లెలి దగ్గర నా మాట పోయినా ఫరవాలేదు, ఆవిడ డబ్బు పోకూడదు" అన్నాడు. ఆ మాట అనడం ఎంత కష్టమో, చుట్టరికాల మధ్య బేరాలు చేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మనసారా మెచ్చుకోవలసిన మనిషి.

ఆటోనగర్‌లో మేస్త్రికి తెలిసిన షాపుకి బండి వెళ్ళింది. నాలుగు ప్లగ్గులూ క్షేమంగా ఊడివచ్చాయి. గేజి బిగించి ఒక్కో సిలిండరుకీ ఇంజిను తిప్పారు. మొదటిది 390 పీఎస్‌ఐ. రెండోది 385. నాలుగోది మళ్ళీ 390. మూడోది 290 దగ్గర ఆగిపోయింది. మళ్ళీ తిప్పారు. మళ్ళీ అంతే.

ఇంతటితో తేల్చేసే మనిషి కాదాయన. వాల్వులు సరిగా కూర్చోకపోయినా, రింగులు అరిగినా ప్రెషరు తగ్గుతుంది. అందుకని ఆ సిలిండరులోకి కంప్రెసరు గాలి ఎక్కించి, ఎటునుంచి పోతుందోనని చెవి పెట్టి విన్నాడు. ఎటూ పోవడం లేదు. గాలి నిలిచింది. గాలి పోకుండా ప్రెషరు తగ్గిందంటే పిస్టను పైదాకా రావడం లేదు.

"రాడ్డు వంగిందంటాను. హెడ్ దించకుండా నూటికి నూరుపాళ్ళు చెప్పను. దించితే ఖర్చు లక్ష దగ్గర మొదలవుతుంది. ఎక్కడ ఆగుతుందో నాకూ తెలియదు."

ఇక్కడే అసలు పరీక్ష మొదలైంది. బ్రోకరు నీటి సంగతి తనకు తెలియదనలేదు, తెలుసనీ అనలేదు. "సరే, యాభై తగ్గిస్తా" అన్నాడు. కాసేపాగి, "మూడుంబావుకి తీసుకోండి" అన్నాడు. భర్త మళ్ళీ లెక్కలో పడ్డాడు. మూడుంబావుకి బండి, లక్ష రిపేరు, అంతా కలిపి నాలుగుంబావు. అయినా మార్కెట్ కంటే తక్కువే కదా? కాగితం మీద ఆ లెక్క సరిగ్గానే ఉంది. ఖర్చు లక్ష దగ్గరే ఆగితే.

"రిపేరు చేయించకుండా తిప్పితే ఎన్నాళ్ళు నిలుస్తుంది?" అని ఆమె మేస్త్రినడిగింది.

"ఏడాది నిలవొచ్చు. ఈ నెలే విరగొచ్చు. విరిగితే రాడ్డు ఇంజిన్ బ్లాకుకి కన్నం చేసుకుని బయటికొస్తుంది. బండి ఉన్నచోటే ఆగిపోతుంది."

ఉన్నచోటే అంటే రాత్రి పూట గుంటూరు, తెనాలి మధ్య ఎక్కడైనా కావచ్చు. డయాలసిస్ అయ్యి లేవలేని ముసలావిడ వెనక సీట్లో ఉన్నప్పుడు కావచ్చు. వాళ్ళు కారు కొనాలనుకున్నదే ఆవిడ ఆ దారిలో అవస్థ పడకూడదని.

ఆమె బ్రోకరుని ఒక్కటే అడిగింది. "అమ్మకం కాగితంలో ఈ రెండు ముక్కలు రాయండి. బండి వరదలో మునిగిందని, మూడో సిలిండరు కంప్రెషన్ తక్కువని. రాస్తే అప్పుడు ధర మాట్లాడదాం."

"అలా రాస్తే రేపు మీ దగ్గర ఎవరు కొంటారమ్మా?"

"అంటే మేమూ చెప్పకుండానే ఇంకొకరికి అంటగట్టాలన్నమాట" అని ఆమె కాగితాలు మడిచి ఆయన చేతిలో పెట్టేసింది. భర్త ఇక బేరమాడలేదు.

వరదలో కారు పోగొట్టుకున్న ఆ పాయకాపురం మనిషి మీద నాకు ఏ కోపమూ లేదు. ఇల్లూ సామానూ నీళ్ళపాలైన మనిషి దొరికిన ధరకి అమ్ముకుని ఉంటాడు. మునిగిన బండి అమ్మడం నేరం కాదు. మునిగిందని చెప్పి, ఇంజిను విప్పి చూపించి, దానికి తగిన ధరకి అమ్మితే కొనేవాళ్ళూ ఉంటారు. బాగుచేయించుకుని తిప్పుకునేవాళ్ళూ ఉంటారు. తప్పల్లా మధ్యలో జరిగింది. ఒండ్రు కడిగి, ఆయిలు మార్చి, పొద్దున్నే ఇంజిను వేడి చేసి పెట్టడంలో జరిగింది. ఫారం 29, 30 మీద ఖాళీ సంతకాలు పెట్టించుకుని, తన పేరు ఎక్కడా పడకుండా బండిని చేతులు మార్చడంలో జరిగింది. రిజిస్టరైన బండ్లు కొని అమ్మే డీలర్లు అనుమతి పత్రం తీసుకోవాలని, బండి తమ చేతికొచ్చిన సంగతి పోర్టల్‌లో తెలపాలని 2023 ఏప్రిల్ 1 నుంచి నిబంధన ఉంది. ఆ షెడ్డులో అలాంటి కాగితమేదీ వాళ్ళు చూడలేదు. అమ్మేసిన పాత ఓనరుకీ ఇందులో ముప్పుంది. రికార్డులో పేరు మారకపోతే ప్రమాదం జరిగినప్పుడు పరిహారం బాధ్యత రిజిస్టరైన ఓనరుదేనని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

అడ్వాన్సులో పదివేలు వెనక్కి వచ్చాయి. మిగతా పదివేలు రాలేదు. ఆ డబ్బు అన్నయ్య చెల్లెలి దగ్గర తీసుకోలేదు.

జూన్‌లో వాళ్ళు తెనాలిలో ఒక రిటైర్డ్ టీచరు దగ్గర 2016 పెట్రోలు వ్యాగనార్ కొన్నారు. ఏసీ చల్లగా రావడం లేదని ఆయనే ముందు చెప్పాడు. మేస్త్రి చూసి కంప్రెసరు పోయిందన్నాడు. దానికయ్యే ఖర్చు ధరలో తగ్గించుకున్నారు. పొద్దున్నే వెళ్ళినప్పుడు బానెట్ చల్లగా ఉంది. అత్తగారు ఇప్పుడు వెనక సీట్లో కాళ్ళు చాపుకుని గుంటూరు వెళ్ళొస్తున్నారు.

ఆ తెల్ల డిజైర్ నంబరు ఆమె ఫోనులో ఉంది. ఆ తర్వాత ఎంపరివాహన్‌లో చూస్తే ఓనరు పేరు మారి ఉంది. కొన్నవాళ్ళెవరో తెలియదు. వాళ్ళకి ఎవరైనా చెప్పారో లేదో తెలియదు. ఈ సంగతి నాకు చెప్పి రాయమన్నదీ వాళ్ళ కోసమే.

2024 సెప్టెంబరు తర్వాత పాత కారు కొన్నవాళ్ళు, ముఖ్యంగా ఏపీ 16 నంబరుదైతే, ఒకసారి సీటు బెల్టు చివరికంటా లాగి చూడండి. స్టెప్నీ ఎత్తి కింద వేలు పెట్టి చూడండి. ఒండ్రు తగిలినా, పొద్దున స్టార్టింగులో బండి ఒణికినా, దూరప్రయాణాలు ఆపి కంప్రెషన్ చూపించండి. మేస్త్రి చేత అంకెలు కాగితం మీద రాయించుకుని దాచుకోండి. మీకు అమ్మింది బండ్ల వ్యాపారం చేసేవాళ్ళైతే రెండేళ్ళలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళొచ్చు. మీరు చెల్లించిన ధర 5 లక్షలు దాటకపోతే ఫిర్యాదుకి ఫీజు లేదు.